సన్నాసి అని తిట్టే ముందు: కాషాయం మీద చూపు ఎక్కడెక్కడ మారిందో

మన హైదరాబాద్‌లో ఎవడైనా పని చెడగొడితే నోట్లోంచి వచ్చే మొదటి మాట "సన్నాసి". ఆఫీసులో, ఆటోలో, మ్యాచ్ చూస్తున్నప్పుడు, ఎక్కడైనా సరే. నేనూ బోలెడుసార్లు అన్నాను. మా టీమ్‌లో విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఒకరోజు లంచ్ దగ్గర మెల్లగా చెప్పాడు, "అన్నా, మా తాతగారి పేరే సన్యాసి, మా ఊళ్ళో వీధికో సన్యాసిరావు, వీధికో సన్యాసమ్మ ఉంటారు" అని. గొడవ పెట్టుకోలేదు, ఊరికే చెప్పాడు. కానీ నాకు ఆ మాట గుచ్చుకుంది. ఒకే భాష, ఒకే మాట, ఒకచోట బిడ్డకి భక్తితో పెట్టుకునే పేరు, ఇంకోచోట పనికిమాలినోడు అని అర్థం.

ఈ రెండు చూపులూ ఇప్పుడు ఊరంతా కనిపిస్తున్నాయి. ఒక స్వామీజీ టీవీలో ఏదో అంటే చాలు, గంటలో ఫోన్లన్నీ రెండు ముక్కలైపోతాయి, ఒకవైపు "గురువుగారిని అంటే నాలుక తెగిపోద్ది" అనేవాళ్ళు, ఇంకోవైపు "కాషాయం కట్టిన ప్రతివాడూ దొంగే" అనేవాళ్ళు. మధ్యలో నిలబడి "ఇంతకీ ఈయన ఎవరు, ఏ సంప్రదాయం, ఎవరి దగ్గర దీక్ష తీసుకున్నాడు" అని అడిగేవాళ్ళు కనపడరు. మన పెద్దవాళ్ళు మొదట అడిగేది అదే. ఆ ప్రశ్న మన నోట్లోంచి ఎట్లా జారిపోయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

బయటివాళ్ళు మన సాధువుల్ని చూసి రాసుకోవడం చాలా పాత సంగతి. క్రీస్తుపూర్వం 326లో అలెగ్జాండర్ తక్షశిల దగ్గరికి వచ్చినప్పుడు ఊరి బయట ఎండలో బట్టల్లేకుండా కూర్చున్న మునుల్ని చూసి గ్రీకులు ఆశ్చర్యపోయారు, వాళ్ళతో మాట్లాడి రమ్మని ఒనెసిక్రిటస్ అనే ఆయన్ని పంపారు. మధ్యలో ముగ్గురు దుబాసీలు. ఆ మునుల్లో ఒకాయన ఏమన్నాడో తర్వాతి కాలపు గ్రీకు రచయిత స్ట్రాబో రాసిపెట్టాడు, నాకు తెలిసి ఈ విషయం మీద ఇంతకంటే మంచి మాట లేదు: మా మాటల్ని ఈ ముగ్గురి నోళ్ళ మీదుగా మీకు చెప్పాలనుకోవడం, బురదలోంచి పారిన నీళ్ళు తేటగా రావాలని కోరుకోవడం లాంటిది అన్నాడట. రెండు వేల మూడు వందల ఏళ్ళ కిందటి మాట అది. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో చాలామంది బురద నీళ్ళే తాగి వెళ్ళారు. అందరూ అని కాదు, పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ అనే ముస్లిం పండితుడు సంస్కృతం నేర్చుకుని మరీ పతంజలి యోగసూత్రాల్ని అరబీలోకి తెచ్చాడు, నచ్చనిది నచ్చలేదనే రాశాడు, కానీ ముందు అడిగి తెలుసుకున్నాడు.

మన గోల్కొండకి వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ సంగతి వేరు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గని దాకా వెళ్ళి చూసి రాసినవాడు, వజ్రం బరువు, ధర, కొలత అంత జాగ్రత్తగా రాసినవాడు. 1676లో వచ్చిన ఆయన యాత్రా పుస్తకంలో ఒక బొమ్మ ఉంటుంది, పెద్ద మర్రిచెట్టు, దాని కింద సాధువులు, ఒకడు చెయ్యి పైకెత్తి, ఒకడు నిలబడే నిద్రపోతూ, ఒక్కొక్క భంగిమనీ గుర్తుపెట్టి కింద వివరం. జూలో బోర్డుల్లాగా. వాళ్ళెందుకు అట్లా ఉన్నారు, ఎన్నేళ్ళ వ్రతం, ఎవరి శిష్యులు అనేది ఆ బొమ్మలో దొరకదు. చెయ్యి ఎత్తినవాడు, మేకుల మీద పడుకున్నవాడు, ఈ రెండు బొమ్మలే తర్వాత రెండు మూడు వందల ఏళ్ళు యూరప్‌లో సాధువు అంటే గుర్తొచ్చేవి, 1900 ప్రాంతంలో వచ్చిన పిక్చర్ పోస్టుకార్డుల మీద కూడా అవే.

కానీ అప్పుడు మన దగ్గర సాధువు అంటే చెట్టుకింద కూర్చున్నవాడు మాత్రమే కాదు, ఈ ముక్క హైదరాబాద్ వాళ్ళకి బాగా తెలియాలి. "గోసాయి చిట్కా" అంటాం కదా, ఆ గోసాయిలు ఎవరనుకున్నారు? శంకరాచార్యుల పేరు మీద నడిచే దశనామి సంప్రదాయం వాళ్ళు, గిరి, పురి, భారతి, వన, అరణ్య, పర్వత, సాగర, తీర్థ, ఆశ్రమ, సరస్వతి అని పది పేర్లు. కాశీ, మీర్జాపూర్ దగ్గర్నుంచి దక్కన్ దాకా వాళ్ళ మఠాలు ఉండేవి. ఏటా తీర్థయాత్రలకి గుంపులుగా తిరిగేవాళ్ళు, దారులు తెలుసు, దారిలో దొంగల్ని ఎదుర్కోడానికి ఆయుధాలున్నాయి, ఆస్తి తండ్రి నుంచి కొడుకులకి ముక్కలవకుండా గురువు నుంచి చేలాకి, అంటే శిష్యుడికి, మొత్తంగా వెళ్తుంది, దాంతో పద్దెనిమిదో శతాబ్దానికి వాళ్ళు ఉత్తర భారతంలో పట్టు, నూలు వ్యాపారం చేసే పెద్ద వర్తకులయ్యారు, హుండీలు, అంటే ఒక ఊళ్ళో కట్టిన డబ్బు ఇంకో ఊళ్ళో తీసుకునే చీటీలు, రాసే షావుకార్లయ్యారు. మన బేగంబజార్‌లో, రెసిడెన్సీ బజార్లలో కూడా. నిజాం సర్కారుకి అప్పులిచ్చిన షావుకార్లలో మార్వాడీలతో, అగర్వాల్‌లతో పాటు ఈ గోసాయిలు ఉన్నారు. జ్ఞాన్‌బాగ్ ప్యాలెస్ పేరు వినే ఉంటారు, ధన్‌రాజ్‌గిర్ కుటుంబానిది, ఆ చివర్లో ఉన్న "గిర్" ఏంటని ఎవరమూ ఆలోచించం, అది దశనాముల్లోని గిరి. 1931లో దేశంలో తొలి టాకీలో హీరోయిన్‌గా చేసిన జుబేదా పెళ్ళి చేసుకుంది ఈ ఇంటి రాజానే.

మరి సన్యాసికి ప్యాలెస్ ఏంటి అని అడుగుతారు, అడగాల్సిందే. మనవాళ్ళు ఆ ప్రశ్నని ఎప్పుడో అడిగేశారు. గోచీ కథ గుర్తుందా, అడవిలో సాధువు గోచీని ఎలుక కొరుకుతోందని పిల్లిని పెంచాడు, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుకి గడ్డి కోసం పొలం, పొలం చూసుకోడానికి పెళ్ళాం, చివరికి పెద్ద సంసారం. కౌపీన సంరక్షణార్థం ఇంత పటాటోపం. మా నాయనమ్మ ఈ కథ నవ్వుతూ చెప్పేది, చెప్పిన మర్నాడే గుమ్మంలోకి వచ్చిన సాధువుకి చేట నిండా బియ్యం పోసేది. ఆవిడకి అందులో తేడా ఏమీ కనిపించలేదు. వేమన కూడా అంతే, ఒళ్ళంతా బూడిద పూసుకున్న కపటుల్ని ఆటవెలదుల్లో ఎంత కడిగాడో మనకి తెలుసు, కానీ ఆయనా యోగి వేమనే. లోపలి విమర్శ ఎప్పుడూ "నువ్వు వేసిన వేషానికి తగ్గట్టు ఉన్నావా" అనే అడిగింది. వేషమే దొంగవేషం అనలేదు.

ఆ రెండో మాట ఎక్కువగా ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గట్టిపడింది. బెంగాల్‌లో 1765 తర్వాత పన్నుల వసూలు కంపెనీ చేతికి వచ్చింది, 1770లో ఘోరమైన కరువు, అదే టైంలో ఏటా వచ్చే సన్యాసులు, ఫకీర్లు వందలు వేలుగా ఊళ్ళ మీదుగా తిరుగుతూ జమీందార్ల దగ్గర ఎప్పట్లాగే కానుకలు వసూలు చేస్తున్నారు, కంపెనీకి అది తన డబ్బు పోయినట్టు కనిపించింది. కొట్లాటలు జరిగాయి, 1772 చివర్లో రంగ్‌పూర్ దగ్గర కెప్టెన్ థామస్ అనే ఆఫీసర్ చనిపోయాడు. 1773లో కంపెనీ గవర్నరు వారెన్ హేస్టింగ్స్ తిరుగుడు సన్యాసుల్ని బెంగాల్ నుంచి వెళ్ళగొట్టమని ఆర్డరు వేశాడు. అప్పట్నుంచి కాగితాల మీద సన్యాసి అంటే బందిపోటు, లేకపోతే సోమరి బిచ్చగాడు.

ఇక్కడ ఒక సంగతి చూడండి. ఆ ఆర్డరు వేసిన మరుసటి ఏడే, 1774లో, టిబెట్‌లో పెద్ద బౌద్ధ గురువైన పంచెన్ లామా దగ్గర్నుంచి హేస్టింగ్స్‌కి ఉత్తరం వచ్చింది. తెచ్చింది పూరణ్‌గిరి అనే గోసాయి. కంపెనీ తన మనిషి బోగ్ల్‌ని టిబెట్ పంపాలనుకున్నప్పుడు దారి, భాష తెలిసిన ఆ పూరణ్‌గిరే తోడు వెళ్ళాడు, తర్వాత కూడా రాయబారిగా తిరిగాడు. అంటే పనికొచ్చిన సన్యాసి రాయబారి, పనికిరాని సన్యాసి బందిపోటు. అనూప్‌గిరి అనే ఇంకో గోసాయి వేలమంది నాగా సాధువుల సైన్యానికి నాయకుడు, 1761 పానిపట్టు యుద్ధంలో అవధ్ నవాబు తరఫున ఉన్నాడు, చివర్లో 1803లో బుందేల్‌ఖండ్‌లో ఇంగ్లీషువాళ్ళకే సాయం చేశాడు. మన తిరుమలనే తీసుకోండి, 1843లో కంపెనీ గుడి బాధ్యత వదిలించుకోవాలనుకున్నప్పుడు ఎవరికిచ్చింది? హథీరాంజీ మఠం మహంతు, అంటే మఠాధిపతి, సేవాదాస్‌కి. 1933లో టీటీడీ వచ్చేదాకా తొంభై ఏళ్ళు ఆ బైరాగుల మఠమే వేంకటేశ్వరస్వామి గుడి నడిపింది. బైరాగి అంటే ఇల్లూవాకిలీ లేక తిరిగేవాడు అనుకునే మనం ఇది మర్చిపోయాం.

"ఫకీరు" అనే మాట కూడా అప్పుడే కలగాపులగం అయింది. అరబీలో ఫక్ర్ అంటే పేదరికం, ఫకీరు సూఫీ దారిలో ఉన్న ముస్లిం సాధకుడు. ఇంగ్లీషువాళ్ళకి బైరాగీ ఫకీరే, నాగా సాధువూ ఫకీరే, గారడీవాడూ ఫకీరే. 1931 ఫిబ్రవరిలో వైస్రాయ్ భవనం మెట్లెక్కిన గాంధీగారిని చర్చిల్ ఎక్కిరించడానికి వాడింది ఆ మాటే, అర్ధనగ్నంగా ఉన్న ఫకీరు అని. యూసుఫైన్ దర్గా దగ్గర ఫకీర్లని, ఉజ్జయినీ మహంకాళి జాతరలో పోతరాజుని, జోగినిని రోజూ వేరువేరుగా గుర్తుపట్టే ఊరు మనది, మనకే ఆ కలగాపులగం ఎక్కింది చూడండి.

ఇప్పుడు సికింద్రాబాద్‌కి రావాలి. 1862లో మొదలైన మహబూబ్ కాలేజీ ఇప్పటికీ ఉంది, దాని ముందునుంచి బండి మీద రోజూ వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ 1893 ఫిబ్రవరి 13న అక్కడ ముప్ఫై ఏళ్ళ సన్యాసి ఒకాయన ఇంగ్లీషులో మాట్లాడాడు. పశ్చిమ దేశాలకి నేనెందుకు వెళ్తున్నాను అనేది టాపిక్. వెయ్యిమంది దాకా వచ్చారట, తెల్లవాళ్ళు కూడా చాలామంది. వివేకానందుడు. ఇంకా ఆ పేరు ఎవరికీ పెద్దగా తెలీదు, చికాగోకి ఇంకా ఏడు నెలలుంది. ఫిబ్రవరి 10న దిగితే స్టేషన్‌కి అయిదొందల మంది వచ్చారు, వారం రోజులున్నాడు, చార్మినార్, మక్కా మసీదు, గోల్కొండ చూశాడు, పైగా అనే ప్రభు వంశానికి చెందిన నవాబు ఖుర్షీద్ జా పిలిచి మాట్లాడి అమెరికా ప్రయాణానికి వెయ్యి రూపాయలిస్తానంటే ఇంకా టైం రాలేదని ఆయన తీసుకోలేదు. వెయ్యి రూపాయలంటే అప్పట్లో ఎంతో ఆలోచించండి. దొంగ బాబాల గురించి మాట్లాడే ప్రతిసారీ నాకు ఆ తీసుకోని వెయ్యి గుర్తొస్తుంది.

అదే వారంలో ఇంకో సంఘటన, ఇది ఆయనే 1900లో లాస్ ఏంజెలెస్‌లో చెప్పుకున్నాడు. హైదరాబాద్‌లో ఒక బ్రాహ్మణుడు శూన్యంలోంచి వస్తువులు తెప్పిస్తాడని విని చూడ్డానికి వెళ్ళాడు. ఆ మనిషికి జ్వరం, స్వామీ ముందు నా తల మీద చెయ్యి పెట్టండి అన్నాడు. ఆ తర్వాత గోచీ మాత్రం ఉంచి బట్టలన్నీ తీయించి, వీళ్ళ దుప్పటే కప్పి మూల కూర్చోబెడితే, అందులోంచి ద్రాక్షపళ్ళు, నారింజపళ్ళు, మంచు బిందువులతో గులాబీలు కుప్పలుగా తీశాడట. ఇదంతా ఏంటని అడిగితే హస్తలాఘవం అన్నాడు ఆ బ్రాహ్మణుడు. వివేకానందుడికి ఆ సమాధానం పూర్తిగా తృప్తినివ్వలేదు, అయినా ఆయన మహిమ అని దండం పెట్టలేదు, మోసం అని వెళ్ళిపోలేదు, దగ్గర కూర్చుని చూశాడు, అడిగాడు, అర్థం కానిది అర్థం కాలేదనే చెప్పాడు. మన నగరంలో జరిగిన ఈ చిన్న సంగతి స్కూలు పుస్తకాల్లో ఉండాలి నన్నడిగితే.

సెప్టెంబర్ 11న చికాగో సభ, ఆ చప్పట్లు, అవి అందరికీ తెలిసినవే. తెలియంది ఆ తర్వాత ఊరూరా తిరిగి లెక్చర్లు ఇచ్చిన రోజులు. పేపర్లు ముందు రాసేది నారింజ రంగు అంగీ, తలపాగా గురించి, ఒకడు రాజా అని రాస్తాడు, ఒకడు బ్రాహ్మణ పూజారి అని రాస్తాడు, ఆయన రెండూ కాదు. హాల్లో లేచి అడిగే ప్రశ్న ఏంటంటే, మీ దేశంలో తల్లులు పిల్లల్ని గంగలో మొసళ్ళకి వేస్తారట కదా? మిషనరీ పుస్తకాల్లో పిల్లలకి వేసిన బొమ్మ అది. ఎంత ఓపిక పట్టాడో ఆయన.

తర్వాత కథ త్వరగా చెప్తాను. 1911లో అమెరికాలో ఒక మ్యాగజైన్ ఈ స్వాముల రాకని దండయాత్ర అని రాసింది, ఇళ్ళల్లో ఆడవాళ్ళని మాయ చేస్తున్నారని. 1917, 1924 వలస చట్టాలతో మనవాళ్ళు అక్కడికి వెళ్ళడమే దాదాపు ఆగిపోయింది. 1965లో తలుపులు తెరుచుకున్నాయి, అదే ఏడు భక్తివేదాంత స్వామి సరుకుల ఓడలో న్యూయార్క్ చేరాడు, 1966లో ఇస్కాన్ అనే కృష్ణభక్తి సంస్థ పెట్టాడు. 1968లో బీటిల్స్ రిషీకేశ్ వచ్చారు. అప్పటిదాకా సాధువంటే వాళ్ళకి భయం, జాలి, ఇప్పుడు ఫ్యాషన్. ఫ్యాషన్ అయ్యాక అమెరికాలోని ఒరెగాన్‌లో రజనీష్ (ఓషో) కమ్యూన్ గొడవ వచ్చింది, 1984లో అక్కడివాళ్ళు హోటళ్ళ సలాడ్లలో బ్యాక్టీరియా కలిపితే 751 మంది జబ్బుపడ్డారు. దాంతో గురువు అంటే కల్ట్ అనే మాట పడిపోయింది. ఒక్కడు చేసినదానికి పది సంప్రదాయాల మీద. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాత్రం తనని జగద్గురువుగా కూర్చోబెట్టిన సంస్థని 1929లో తనే రద్దు చేసుకున్నాడు, ఆ తర్వాత ఎవరినీ శిష్యులుగా పెట్టుకోలేదు. అదీ మన నేలలోదే.

బేగంపేటలో స్వామి రామానంద తీర్థ స్మారకం ఉంది. ఎయిర్‌పోర్ట్ పాతది ఉన్నప్పుడు ఆ వైపు ఎన్నిసార్లు వెళ్ళామో. ఆయన 1932లో సన్యాసం తీసుకున్నాడు, తీర్థ అనేది పైన చెప్పిన పదిలో ఒకటి. అంతకుముందు కార్మిక సంఘాల్లో పనిచేసిన మనిషి, టీచరు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ మొదలుకాకముందే నిజాం సర్కారు నిషేధిస్తే సత్యాగ్రహం చేసి జైలుకెళ్ళాడు, 1947 ఆగస్టులో మళ్ళీ జైలు, వదిలాక ఇంకోసారి జైలు, 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ తర్వాత బయటికొచ్చాడు. పి.వి. నరసింహారావు లాంటివాళ్ళు ఆయన వెనక నడిచినవాళ్ళు. తర్వాత రెండుసార్లు లోక్‌సభకి గెలిచాడు, 1972లో ఇక్కడే పోయాడు. సన్యాసికి రాజకీయాలు ఎందుకు అని ఈరోజు అంటున్నాం, అనొచ్చు, నాకూ కొంతమంది విషయంలో అదే అనిపిస్తుంది. కానీ ఈ రాష్ట్రం ఇండియాలో కలవడం కోసం జైళ్ళు నిండిన కథలో ముందు వరసలో కాషాయం కట్టుకున్న మనిషి ఒకడున్నాడని తెలిసి మాట్లాడాలి.

దోమలగూడ రామకృష్ణ మఠాన్ని 1973 నుంచి 1993 దాకా నడిపిన రంగనాథానంద స్వామి ఇంకొకాయన. ఆదివారాలు ఆయన ప్రసంగాలకి వెళ్ళిన తరం ఇంకా ఈ ఊళ్ళో ఉంది. 2000లో పద్మవిభూషణ్ ఇస్తామంటే ఆయన వద్దన్నాడు, ఎందుకంటే అది తన ఒక్కడి పేరు మీద ఇస్తున్నారు, మిషన్‌కి కాదు. సన్యాసానికి అర్థం అదే కదా, పేరు వదిలెయ్యడం. మన పాత ధర్మశాస్త్రాల ప్రకారం సన్యాసం తీసుకున్నవాడు లోకం లెక్కలో చనిపోయినట్టే, తన పిండం తనే పెట్టుకుంటాడు, తండ్రి ఆస్తిలో వాటా పోతుంది. అందుకే పూర్వాశ్రమం గురించి అడగకూడదంటారు, ఏ ఊరు, ఏ కులం, అమ్మానాన్న ఎవరు అని. అడగాల్సింది ఒక్కటే, గురువెవరు.

మా నాయనమ్మ అడిగేది. కాచిగూడలో మేమున్న పాత ఇంటి అరుగు మీద సాధువు కూర్చుంటే ఆవిడ ముందు మంచినీళ్ళిచ్చేది, తర్వాత "ఏ మఠం సామీ మీది?" అనేది. జవాబు సరిగ్గా చెప్తే భోజనం, నసిగితే బియ్యం పోసి పంపించెయ్యడం. చేతిలో దండం చూసి కూడా చెప్పేది, ఒకే కర్ర ఉంటే శంకరుల దారి, మూడు కర్రలు కలిపి కట్టి ఉంటే రామానుజుల దారి, ఈ రామానుజుల దారి సన్యాసులైన జీయర్లకి పిలక, జంధ్యం ఉంటాయి, శంకరుల దారి వాళ్ళకి ఉండవు. ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం 2022లో పెట్టారు, లక్షలమంది వెళ్ళి ఫోటోలు దిగారు, ఆ చేతిలో మూడు కర్రల దండం ఎందుకుందో మా పిల్లలు అడిగితే చెప్పడానికి నాయనమ్మ లేదు. అక్కడికి కొంచెం దూరంలోనే కన్హా శాంతివనం, అక్కడ ధ్యానం నేర్పే దాజీ సన్యాసి కాదు, గృహస్థు. బయటినుంచి చూసేవాళ్ళకి అందరూ "స్వామీజీ"లే.

ఆ ప్రశ్న పోతే ఏమవుతుందో 2020 ఏప్రిల్‌లో మహారాష్ట్ర పాల్ఘర్‌లో చూశాం. ఇద్దరు సాధువులు, వాళ్ళ డ్రైవరు, తమ వాళ్ళ అంత్యక్రియలకి కారులో వెళ్తుంటే పిల్లల్ని ఎత్తుకెళ్ళేవాళ్ళని పుకారు నమ్మి జనం కొట్టి చంపేశారు. మన చాంద్రాయణగుట్టలో 2018లో ఇదే పుకారుకి ఒక ట్రాన్స్‌జెండర్ మనిషి బలైంది. "అన్నం తినకపోతే బైరాగోడికి పట్టిస్తా" అని పిల్లలకి చెప్పడం మానేశాను నేను ఆ తర్వాత.

మొన్న శివరాత్రికి ముందు ఇమ్లీబన్ బస్టాండులో శ్రీశైలం బస్సు కోసం నిలబడితే పక్కన ఒక సాధువు, వయసు డెబ్భై ఉంటుంది, జటలు, పాత కంబళి, ఇత్తడి కమండలం. ఒకావిడ వచ్చి కాళ్ళకి మొక్కి పిల్లాడి తల ఆయన చేతికింద పెట్టింది. ఇద్దరు కుర్రాళ్ళు కొంచెం దూరంలో ఫోన్ పెట్టి వీడియో తీస్తున్నారు, నవ్వుతూ. ఇద్దరిలో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. నాకు నాయనమ్మ గుర్తొచ్చి పక్కన కూర్చుని అడిగాను, "కౌన్‌సా అఖాడా, మహారాజ్?" అని, అంటే మీది ఏ సాధువుల దళం అని. ఆయన నావైపు తిరిగి కాసేపు చూసి "నిరంజనీ" అన్నాడు, గురువుగారి పేరు చెప్పేముందు రెండు చేతులూ చెవులకి ఆనించుకున్నాడు. పన్నెండేళ్ళప్పుడు దీక్ష తీసుకున్నాడట, శ్రీశైలం ఇది ఏడోసారి, మోకాళ్ళు నొప్పి కాబట్టి ఈసారి నడక మానుకున్నాడు. బస్సు వచ్చాక కండక్టర్ టికెట్ అంటే నడుముకి కట్టుకున్న గుడ్డ మూట విప్పి, మడతలు పెట్టిన పది రూపాయల నోట్లు ఒక్కొక్కటే సాపు చేసి లెక్కపెట్టి ఇచ్చాడు.